మామిడి కొమ్మ మీద వదనిక: వేరు చూస్తే తేలిపోయే సంగతులు

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో రోడ్డు వెడల్పు చేస్తూ ఒక ముసలి మామిడి చెట్టు కొట్టేశారు. పడిన కొమ్మకి పట్టీల్లాంటి మందపాటి ఆకులు, బూడిదరంగు తాళ్లలాంటి వేళ్లు ఉన్న మొక్క ఒకటి అతుక్కుని ఉంది. చుట్టూ చేరినవాళ్లు తలో మాటా అన్నారు. “చెట్టు రసమంతా ఇదే పీల్చేసి ఉంటుంది, పారేయండి” అన్నాడు తోట కౌలుకి చేసే ఆయన. “అది రాస్న. దాని వేరు కీళ్లనొప్పులకి పనికొస్తుంది” అన్నారు నాటుమందులు తెలిసిన పెద్దాయన. ఒక కుర్రాడు ఫోన్ తీసి, “బదనిక అన్నా ఇది, బీరువాలో పెడితే డబ్బు నిలుస్తుందంట” అని వీడియో చూపించాడు. “ఏదైతేనేం, పూస్తే ఇల్లంతా వాసనే” అంది అమ్మమ్మ.

అమ్మమ్మ మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. మిగతా మూడింటిలో తలా కొంత నిజం, కొంత పొరపాటు కలగలిసి ఉన్నాయి. అది వాండా టెసెల్లేటా అనే ఆర్కిడ్. తెలుగులో దీన్ని వదనిక అంటారు, చాలా చోట్ల బదనిక అనీ అంటారు. తూర్పు కనుమల్లోనే కాదు, మైదానాల్లోని పాత మామిడి, ఇప్ప చెట్ల మీద కూడా పెరుగుతుంది. శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్, మయన్మార్‌లలోనూ ఉంది. అంటే మనకి విదేశీ మొక్క కాదు. ఆర్కిడ్ అనగానే బొకేల్లో కనిపించే ఊదారంగు డెండ్రోబియం గుర్తొస్తుంది కాబట్టి, పెరటి మామిడి మీద ఉన్నది కూడా ఆర్కిడే అంటే చాలామంది నమ్మరు.

ఎండాకాలం వచ్చి ఇవి పూతకొచ్చేసరికి ఫొటోలు చేతులు మారతాయి, వాటితోపాటు సందేహాలూ వస్తాయి. ఇది పరాన్నజీవా? మందుమొక్కా? ఇంట్లో బతుకుతుందా? తెచ్చుకోవడం నేరమా? వీటిలో చాలావాటికి జవాబు ఆ మొక్క వేరులో ఉంది.

ఒకే పేరు కింద రెండు మొక్కలు

బదనిక అనే మాటతోనే గొడవ మొదలవుతుంది. మన పల్లెల్లో చెట్టు మీద పెరిగే మరో మొక్క దేన్నైనా బదనిక అనేస్తారు. మామిడి బదనిక, మేడి బదనిక, జువ్వి బదనిక అని ఏ చెట్టు మీదుంటే ఆ పేరు. నక్షత్రం చూసి తీసి తాయెత్తు కట్టుకునేదీ, వీడియోల్లో అమ్మేదీ ఎక్కువగా డెండ్రాఫ్తీ ఫాల్కాటా లాంటి మొక్క. అది ఆర్కిడ్ కాదు, దానికి చుట్టం కూడా కాదు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చిన్నపిల్లలైనా చెప్పగలరు. డెండ్రాఫ్తీ కర్ర కొమ్మలున్న పొద. ఆకులు మామూలు చెట్టు ఆకుల్లా వెడల్పుగా, మందంగా ఉంటాయి. నారింజ, ఎరుపు కలిసిన సన్నటి గొట్టాల్లాంటి పూలు పూస్తాయి. దాని పండులో గింజ చుట్టూ బంకలాంటి జిగురు ఉంటుంది. ఫ్లవర్‌పెకర్ అనే బుల్లి పిట్ట పండు తిని, ఆ జిగురు వదిలించుకోలేక ఒంటిని కొమ్మకేసి రాస్తుంది. గింజ అక్కడే అతుక్కుని మొలుస్తుంది. మొలిచాక బెరడు చీల్చుకుని లోపలికి దిగి, చెట్టు నీటిగొట్టాలకి తన గొట్టాలు కలుపుతుంది. ఈ పని చేసే భాగాన్ని హాస్టోరియా అంటారు. అతుకు దగ్గర కొమ్మ కణితిలా ఉబ్బిపోయి ఉంటుంది. ఆకులు పచ్చగా ఉన్నాయి కాబట్టి ఆహారం కొంత తనే వండుకుంటుంది గానీ, నీళ్లూ లవణాలూ మాత్రం చెట్టువే. అందుకే దాన్ని పాక్షిక పరాన్నజీవి అంటారు.

వాండా అలా కాదు. దాని వేరు బెరడు పైపైనే పాకుతుంది. ఒకదాన్ని గోటితో మెల్లగా లేపి చూస్తే కింద బెరడు చెక్కుచెదరకుండా ఉంటుంది. గాయం ఉండదు, ఉబ్బు ఉండదు, లోపలికి దిగిన ముక్క ఒక్కటీ ఉండదు. చెట్టుని ఆసరాగా మాత్రమే వాడుకునే ఇలాంటి మొక్కలని వృక్షోపజీవులు అంటారు. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకి ‘వెలామిన్ వేళ్లు, ఉదాహరణ: వాండా’ అన్న బిట్టు గుర్తుండే ఉంటుంది. ఆ వాండానే ఇది.

కాబట్టి చెట్టు రసం పీల్చేస్తోందన్న మాట డెండ్రాఫ్తీ విషయంలో నిజం, వాండా విషయంలో కాదు. అయితే రైతు మాట పూర్తిగా కొట్టిపారేయడం కూడా సరికాదు. సన్నటి కొమ్మ మీద వృక్షోపజీవులు గుబురుగా పెరిగితే బరువు పడుతుంది, వానాకాలం తడి ఎక్కువసేపు నిలుస్తుంది, లేత చిగుళ్లకి నీడ పడుతుంది. పళ్లతోట చేసే మనిషికి ఇవి లెక్కలోకి వచ్చే విషయాలే. కానీ పెద్ద చెట్టు మొదటి కొమ్మల మీద రెండు మూడు వాండాలున్నంత మాత్రాన కాపు తగ్గదు. చెట్టు ఎండిపోతుంటే కారణం వేరే ఎక్కడో వెతకాలి. ఎండు కొమ్మల మీద ఈ మొక్క కొట్టొచ్చినట్టు కనబడుతుంది కాబట్టి నేరం దాని నెత్తిన పడుతుంది.

నీళ్లు తాగే తెల్లటి తొడుగు

వేరుని ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. పెన్సిల్‌లో సగం లావుంటుంది. ఎండగా ఉన్నప్పుడు వెండిలా తెల్లగా, చివర ఒక అంగుళం మేర మాత్రం పచ్చగానో ఎర్రగానో నున్నగా ఉంటుంది. చెంచాడు నీళ్లు పోసి లెక్కపెట్టండి. పది పదిహేను సెకన్లలో తెల్లటి వేరంతా పచ్చబడుతుంది. రంగు పుట్టుకొచ్చింది కాదు. పైన ఉన్న తెల్లటి తొడుగు నీటితో నిండి అద్దంలా పారదర్శకం అయితే, లోపలి పత్రహరితం బయటికి కనిపించింది.

ఆ తొడుగే వెలామిన్. చచ్చిపోయిన కణాల ఖాళీ గదులు పొరలుగా పేర్చినట్టుంటుంది. వాన పడగానే స్పాంజిలా పీల్చుకుని, ఆ నీటిని నిదానంగా లోపలికి అందిస్తుంది. వానకి ఆకుల మీద నుంచి, కొమ్మ మీద నుంచి కారే మొదటి నీళ్లలో దుమ్ము, పిట్టల రెట్ట, కుళ్లిన ఆకుల సారం కలిసి ఉంటాయి. మొక్కకి ఎరువు అదే. ఆ నీళ్లు పారే సమయం కొద్ది నిమిషాలే. అందుకే అంత గబుక్కున తాగేలా ఆ వేరు తయారైంది.

తాగడం ఎంత ముఖ్యమో తర్వాత ఆరిపోవడం కూడా అంతే ముఖ్యం. స్పాంజి రోజుల తరబడి తడిగానే ఉంటే లోపలి వేరుకి గాలి ఆడదు, కుళ్లిపోతుంది. వాండాని మట్టికుండీలో ఎర్రమట్టి, పశువుల ఎరువు వేసి నాటినవాళ్ల అనుభవం ఇదే. మొక్క వెంటనే చావదు, అదే చిక్కు. ఆకుల్లో ఉన్న నిల్వతో నెలల తరబడి పచ్చగానే ఉండి, ఒకరోజు అడుగు ఆకులు ముడతలు పడడం మొదలవుతుంది. నీళ్లు చాలలేదేమోనని ఇంకా పోస్తాం. అప్పటికి కింద వేరే మిగిలి ఉండదు.

ఆకుది మరో తమాషా. మామూలు మొక్కలు పగలు ఆకురంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి, అప్పుడు నీరు ఆవిరవుతుంది. వాండా లాంటి మందపాటి ఆకుల ఆర్కిడ్లు పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరుస్తాయి. రాత్రి పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ని ఆమ్లంగా దాచి, పొద్దున వెలుతురు రాగానే దాంతో ఆహారం తయారుచేసుకుంటాయి. కిత్తలి, బొమ్మజెముడు చేసేదీ ఇదే పని. దీనికి క్యామ్ అని పేరు. మన ఏప్రిల్, మే ఎండల్లో నేలతో సంబంధం లేని మొక్క బతికి ఉండడమే కాదు, పూలు కూడా పూస్తుందంటే ఈ ఏర్పాటు వల్లనే.

సామర్లకోటలో పడిన పేరు

శాస్త్రీయనామంలోనూ ఒక చిక్కుంది. పాత వైద్యగ్రంథాల్లో వాండా రాక్స్‌బర్గీ అని ఉంటుంది, ఇప్పటి పుస్తకాల్లో వాండా టెసెల్లేటా. రెండూ ఒకటే మొక్క.

విలియం రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన స్కాట్లాండ్ వైద్యుడు. 1793లో కలకత్తా బొటానిక్ గార్డెన్‌కి వెళ్లకముందు పదేళ్లకి పైగా మన సామర్లకోటలో ఉన్నాడు. కోస్తా జిల్లాల మొక్కలని స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, వివరాలు రాశాడు. ఆ బొమ్మలతో ‘ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ మొదటి సంపుటం లండన్‌లో 1795లో మొదలైంది. మన వదనికకి అందులో ఎపిడెండ్రమ్ టెసెల్లేటమ్ అని పేరు పెట్టాడు. ఎపిడెండ్రమ్ అంటే చెట్టు మీదిది. అప్పట్లో చెట్టు మీద పెరిగే ఆర్కిడ్లలో చాలావాటిని ఆ ఒక్క గాటనే కట్టేవారు. టెసెల్లేటమ్ అంటే చిన్న చిన్న పలకలు పరిచిన గచ్చులా గళ్లు ఉన్నది. పూరేకు మీద గోధుమరంగు గీతల వల వల్ల ఆ పేరు.

1820లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ మొక్కని వాండా అనే కొత్త ప్రజాతిలో, అంటే దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపులో, పెట్టి, రాక్స్‌బర్గ్ గౌరవార్థం వాండా రాక్స్‌బర్గీ అన్నాడు. కానీ మొక్కల పేర్ల విషయంలో ముందు పెట్టిన జాతిపేరుదే హక్కు. ప్రజాతి మారినా 1795 నాటి ‘టెసెల్లేటా’ నిలవాలి. అలా 1830లో వాండా టెసెల్లేటా అన్న పేరు వచ్చింది. పాపం రాక్స్‌బర్గ్ పేరు రాక్స్‌బర్గ్ పెట్టిన పేరు వల్లనే పోయింది!

ఇక వాండా అన్న మాట సంస్కృతంలోని ‘వందా’, ‘వందాకం’ నుంచి వచ్చింది. కలకత్తాలో జడ్జిగా పనిచేసిన సంస్కృత పండితుడు సర్ విలియం జోన్స్ దాన్ని పాశ్చాత్యుల దృష్టికి తెచ్చాడు. సంస్కృతంలో ఆ మాట ఆర్కిడ్‌కే కాదు, డెండ్రాఫ్తీ లాంటి పరాన్నజీవులకీ వాడతారు. అంటే మన బదనికలో ఉన్న గందరగోళమే అక్కడా ఉంది. అదే మాట లాటిన్ వేషం వేసుకుని ప్రపంచమంతా తిరుగుతోంది.

రాస్న ఏది?

ఊరి పెద్దాయన మాటకి వద్దాం. రాస్న అనే మందు ఆయుర్వేదంలో వాతవ్యాధులకి ప్రసిద్ధం. అది ఏ మొక్క అన్న దాని మీద మాత్రం దేశంలో తలో దారి. ఉత్తర, పశ్చిమ భారతంలో రాస్న అంటే ప్లూకియా లాన్సియోలేటా అనే నేల మొక్క. ప్రభుత్వం వెలువరించే అధికారిక మందుల గ్రంథం ఆయుర్వేదిక్ ఫార్మకోపియా ఆఫ్ ఇండియా కూడా రాస్నగా దాని ఆకునే పెట్టింది. దక్షిణాదిలో ఆల్పీనియా గలంగా దుంప వాడతారు. మన పచారీ కొట్లలో దుంపరాష్ట్రం అని అడిగితే ఇచ్చేది అదే. బెంగాల్ వైపు వాండా వేళ్లని రాస్న అని అమ్మడం పాత అలవాటు. ఆ వేళ్లలో అకాంపె అనే మరో ఆర్కిడ్ వేళ్లు కలిసిపోవడమూ ఉంది.

బెంగాల్ వైద్యులు తరతరాలుగా వాడిన అనుభవం ఉందంటారు. ద్రవ్యగుణం, అంటే ఆయుర్వేదంలో మందుమొక్కల శాస్త్రం, చదివినవాళ్లలో చాలామంది, ఒకే పేరుతో మూడు వేర్వేరు కుటుంబాల మొక్కలు వాడితే ఫలితం ఒకేలా ఎలా ఉంటుందని ప్రశ్నిస్తారు. వాండా మీద ప్రయోగశాలల్లో, ఎలుకల మీద పనులు జరిగాయి గానీ అవి మనిషికి మోతాదు చెప్పేంత దూరం రాలేదు. నాకు తోచింది చెప్పాలంటే, ఫార్మకోపియా మరో మొక్కని ఎంచుకున్నాక, ఏళ్ల తరబడి పెరిగిన ఆర్కిడ్ వేళ్లు తెంపి కషాయం కాచడంలో అర్థం లేదు. వేళ్లు తెంపితే ఆ మొక్క మిగలదు.

పూలు లేనప్పుడు ఎలా పోల్చుకోవడం

పూసినప్పుడు వాండా టెసెల్లేటాని గుర్తుపట్టడం కష్టం కాదు. ఆకు మొదట్లోంచి నిలువుగానో కాస్త ఏటవాలుగానో జానెడు కాడ వస్తుంది, దానికి ఐదు నుంచి పన్నెండు దాకా పూలు. ఒక్కో పువ్వు నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పు. రేకులు పసుపు, ఆకుపచ్చ, బూడిద కలిసిన రంగులో అంచులు అలలు తిరిగి ఉంటాయి, వాటి మీద గోధుమరంగు గళ్లు. రేకుల వెనకవైపు తెల్లగా ఉంటుంది. మధ్యలో ముందుకు చాచిన ‘పెదవి’ మాత్రం నీలం, ఊదా. రంగు మొక్కకీ మొక్కకీ మారుతుంది. గళ్లు చిక్కగా ఉండి దాదాపు గోధుమరంగులో కనిపించేవీ ఉన్నాయి, గళ్లు పలచబడి పసుపుగా కనిపించేవీ ఉన్నాయి. రంగు ఒక్కటే చూసి ఇది వేరే జాతి అనుకోకూడదు.

పువ్వులో మరో గుర్తు కావాలంటే, మధ్యలో ఉన్న చిన్న స్తంభం కొనకి అగ్గిపుల్ల మెల్లగా ఆనించి లాగండి. టోపీలాంటిది ఊడి, పసుపుపచ్చటి రెండు బుల్లి ఉండలు పుల్లకి అంటుకుని వస్తాయి. మందారంలోలా పొడిగా రాలే పుప్పొడి ఆర్కిడ్లలో ఉండదు, ఇలా ముద్దగా ఉంటుంది. తుమ్మెద తల మీద అతుక్కుని ఆ ముద్ద మొత్తం ఇంకో పువ్వుకి చేరాలి.

పూలు లేనప్పుడే అసలు పరీక్ష. అప్పుడు చూడాల్సింది ఆకు. వాండా టెసెల్లేటా ఆకు పదిహేను ఇరవై సెంటీమీటర్ల పొడవుంటుంది, మధ్యకి మడిచినట్టు ఇంగ్లిష్ ‘వి’ ఆకారంలో ఉండి, వెనక్కి వంగుతుంది. కొన మొనదేలి ఉండదు. ఎలుక కొరికినట్టు రెండు మూడు ఎగుడుదిగుడు పళ్లతో ముగుస్తుంది. ఎండిన కాయ ఉంటే మరీ మంచిది. ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవున, బెండకాయలా గట్లు తేలి ఉంటుంది.

దీంతో పొరబడేవి మన ప్రాంతంలో కొన్ని ఉన్నాయి. అకాంపె ప్రేమోర్సాది ఇంకా మందమైన, బిరుసైన ఆకు. పూలు చిన్నవి, గోరంత, పసుపు మీద ఎర్రటి అడ్డచారలతో గుత్తిగా పూస్తాయి. వాసన దానికీ ఉంది. రింకోస్టైలిస్ రెట్యూసా ఆకు మీద పొడవునా లేత గీతలు కనిపిస్తాయి. పూసినప్పుడు నక్కతోకలా కిందికి వేలాడే తెలుపు, గులాబీ గుత్తి చూస్తే ఇక సందేహమే రాదు. అస్సాంలో బిహూకి ఆడపిల్లలు జడలో పెట్టుకునే కొపౌ పువ్వు అదే. వాండా టెస్టేసియా మన మొక్కకి తోబుట్టువు. ఆకు దాదాపు ఒకేలా ఉన్నా పూలు రెండు సెంటీమీటర్లలోపే, పసుపు రేకులు, నీలి పెదవి. లూసియా అనే ఇంకో ఆర్కిడ్‌కి పట్టీ ఆకే ఉండదు, పెన్సిల్‌లా గుండ్రంగా ఉంటుంది.

ఇప్పుడు రెండు ఫొటోలు వచ్చాయనుకుందాం. మొదటిది ఇప్పచెట్టు మీద మొక్క. ‘వి’ ఆకులు, కొన కొరికినట్టు ఉంది, పోయినేటి ఎండు పూకాడ ఒకటి నిలువుగా నిలబడి ఉంది. నిలువు కాడ కాబట్టి నక్కతోకలా పూసే రింకోస్టైలిస్ కాదు. ఆకు మడత వల్ల అకాంపె కూడా కాదు. ఇక మిగిలినవి టెసెల్లేటా, టెస్టేసియా. ఈ ఫొటోతో ఇంతకంటే ముందుకి పోలేం. పెద్ద కాయ ఉంటే టెసెల్లేటా వైపు మొగ్గొచ్చు, లేదంటే పూసేదాకా ఆగాలి. ‘వాండా, జాతి తెలియాలి’ అని రాసిపెట్టుకోవడం తప్పేమీ కాదు.

రెండోది నర్సరీ ఫొటో. ప్లాస్టిక్ బుట్టలో వేలాడే వేళ్లు, అరచెయ్యంత ఊదారంగు పూలు, చీటీ మీద ‘బ్లూ వాండా’. ఇది చాలావరకు థాయ్‌లాండ్ తరహా సంకరం, అంటే వేర్వేరు జాతుల్ని కలిపి పుట్టించినది. ఆ రంగుకి మూలం ఈశాన్య కొండల్లో పెరిగే వాండా సెరూలియా. అసలైన నీలి వాండా అదే. వన్యప్రాణి సంరక్షణ చట్టం పట్టికలో పేరున్న కొద్ది మొక్కల్లో అదొకటి. చల్లటి కొండల మొక్క కాబట్టి మన మైదానాల ఎండకి తట్టుకోదు. టెసెల్లేటాకి నీలం పెదవి వరకే.

వాసన ఒకరికి వస్తుంది, ఒకరికి రాదు

“వాసన అన్నారు, మాది అస్సలు రావట్లేదు” అనేవాళ్లు ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. పూలు వాసన వదిలేది మనకోసం కాదు, తుమ్మెదల కోసం. అవి తిరిగే వేళకే ఖర్చు పెడతాయి. కాస్త ఎండెక్కి, గాలి లేని పూట వచ్చే పరిమళం అదే పువ్వుకి రాత్రి రాకపోవచ్చు. పువ్వు విచ్చిన మొదటిరోజు తక్కువగా ఉండి తర్వాత పెరగొచ్చు. ఒక్కో మొక్కకీ తేడా ఉంటుంది. నా ముక్కుకైతే ముగ్గిన నల్లద్రాక్ష వాసన. మా అమ్మమ్మ మొగలి అంటుంది, ఆ వాదన తెగలేదు.

నర్సరీ సంకరాల్లో ఎక్కువగా పరిమళం ఉండదు. పెద్ద పువ్వు, గాఢమైన రంగు, ఎక్కువ రోజులు నిలవడం, వీటికోసం తరాల తరబడి ఎంపిక చేస్తూ పోతే వాసన ఎవరూ పట్టించుకోకుండా జారిపోయింది. ఆ వాసన వెనక్కి తేవడానికే కొందరు సంకరకర్తలు మళ్లీ టెసెల్లేటాని తల్లిగానో తండ్రిగానో వాడుతుంటారు.

ఇంట్లో పెంచితే ఎందుకు పోతుంది, ఎందుకు పూయదు

వేరు సంగతి తెలిసింది కాబట్టి పెంపకంలో వచ్చే వాదనలు సులువుగా అర్థమవుతాయి. చెట్టుకే కట్టాలని కొందరు, బుట్టలో బొగ్గు, పెంకుముక్కలు వేసి పెట్టాలని కొందరు అంటారు. ఇద్దరి లక్ష్యం ఒకటే, వేరు తడవాలి, ఆరాలి. చెట్టు మీద త్వరగా ఆరుతుంది, కానీ ఎండాకాలం పదేపదే తడపాలి. బుట్టలో తేమ కాసేపు నిలుస్తుంది, కానీ వానాకాలం ప్రమాదం. కాకినాడ, విశాఖ లాంటి చోట గాల్లోనే తేమ ఉంటుంది, కట్టేస్తే సరిపోతుంది. మే నెలలో 44 డిగ్రీల ఎండ కాసే ఖమ్మం, రామగుండం డాబా మీద అదే మొక్క మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. పుస్తకంలో ‘రోజూ ఒకసారి నీళ్లు’ అని ఉంటే అది ఎవరి ఊరు చూసి రాశారో అడగాలి.

పొద్దున పోయాలా, సాయంత్రమా? రాత్రి ఆకుల మధ్య మొవ్వలో నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది కాబట్టి పొద్దున్నే మేలంటారు ఒక వర్గం. రంధ్రాలు తెరిచేది రాత్రి, ఎండిన రోజున సాయంత్రం తడి అందకపోతే ఎలా అని మరో వర్గం. మొవ్వ తడవకుండా వేళ్ల మీదే పోస్తే ఇద్దరి మాటా నెగ్గుతుంది. వేరు వెండిరంగుకి తిరిగిందంటే దాహం వేసినట్టు, పచ్చగా ఉందంటే ఇంకా అక్కర్లేదు. గడియారం కంటే ఇది నమ్మదగ్గ లెక్క.

బోరు నీళ్లు వేరే సమస్య. ఉప్పు ఎక్కువున్న నీళ్లు పోస్తూ ఉంటే వెలామిన్ మీద సున్నంలా తెల్లటి పొర కడుతుంది. అది ఆరోగ్యంగా ఉన్న వెండిరంగు కాదు, తడిపినా పచ్చబడదు. వాననీళ్లు పట్టి వాడేవాళ్ల మొక్కలు అందుకే నవనవలాడుతుంటాయి.

ఎరువు విషయంలో ‘కొద్దిగా వేయండి’ అంటారు, ఎంత కొద్దిగా? మన ఎరువుల షాపులో దొరికే 19:19:19 తీసుకుందాం. అందులో నూటికి 19 పాళ్లు నత్రజని. లీటరు నీళ్లలో ఒక గ్రాము కలిపితే 190 మిల్లీగ్రాముల నత్రజని, అంటే 190 పీపీఎం. పొలం పంటలకి పిచికారీ చేసేప్పుడు లీటరుకి ఐదు గ్రాముల దాకా వెళ్తారు, అది 950 పీపీఎం. చెట్టు మీద దుమ్ము కడిగిన నీళ్లతో బతికే వేరుకి అది వాత పెట్టినట్టే. పావు గ్రాము నుంచి అర గ్రాము వేస్తే దాదాపు 48 నుంచి 95 పీపీఎం, దీనికి చాలు. ఐదు లీటర్ల బకెట్‌కి అర గ్రాము లెక్కన రెండున్నర గ్రాములు, చిన్న చెంచాలో సగం.

పూయకపోవడానికి మాత్రం కారణం ఎక్కువసార్లు నీడే. ఇప్పచెట్టు ఎండాకాలం ముందు ఆకులన్నీ రాల్చేస్తుంది. సరిగ్గా అప్పుడే దాని మీది వాండాకి వెలుతురు కుమ్మరించినట్టు అందుతుంది, ఆ తర్వాతే పూత. బాల్కనీ మూలన ముదురాకుపచ్చ రంగులో నిగనిగలాడే మొక్కని చూసి మురిసిపోతాం గానీ, ఆ నిగనిగ వెలుతురు చాలలేదన్న సూచన. ఆకు కాస్త పసుపు తిరిగిన పచ్చగా ఉన్నదే పూస్తుంది. అలాగని నీడలో పెరిగినదాన్ని ఒక్కసారిగా మే ఎండలో పెడితే ఆకులు తెల్లగా మాడిపోతాయి.

విత్తనం ఉంది, మొలక లేదు

ఒక్క కాయలో లక్షల్లో విత్తనాలు ఉంటాయి. కాయ పగిలితే పసుపుపచ్చటి పిండి గాల్లోకి లేస్తుంది. ఆ పిండి ప్రతి రేణువూ ఒక విత్తనమే. అయినా కాయ తెచ్చి కుండీలో చల్లితే ఒక్కటీ మొలవదు. వడ్లగింజలో మొలక తినడానికి బియ్యం ఉన్నట్టు ఈ విత్తనంలో నిల్వ ఆహారం దాదాపు ఏమీ లేదు. సరైన శిలీంధ్రం లోపలికి చేరి తిండి పెడితేనే మొలుస్తుంది. కొమ్మ మీద ఆ శిలీంధ్రం ఉన్న చోట పడ్డవే బతుకుతాయి, మిగతావి పోతాయి. 1922లో అమెరికా శాస్త్రవేత్త లూయిస్ నడ్సన్ శిలీంధ్రం లేకుండానే పంచదార, లవణాలు కలిపిన జెల్లీ మీద గాజుసీసాలో ఆర్కిడ్ విత్తనాలు మొలిపించే పద్ధతి ప్రకటించాడు. నేటి నర్సరీ ఆర్కిడ్లకి పునాది అదే. అలా మొలిచినవి కూడా పూతకి రావడానికి ఏళ్లు పడుతుంది.

అడవి నుంచి తీసుకురావడం మీద అభ్యంతరం ఇక్కడే పుడుతుంది. ఒక పెద్ద గుబురు పీకి తెస్తే దాని స్థానంలో మరొకటి వచ్చే ఏడు మొలవదు. రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేకుండా తీయడం అటవీచట్టాల ప్రకారం నేరం. దేశం దాటించాలంటే ఇంకో అడ్డు. ఆర్కిడ్ కుటుంబం మొత్తం సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం పట్టికల్లో ఉంది. ఊటీ నుంచో అరకు నుంచో తెచ్చిన మొక్కని విదేశాల్లో ఉన్న పిల్లలకి సూట్‌కేసులో పంపుదామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. గాలివానకి విరిగిపడ్డ కొమ్మ మీద, మన స్థలంలో కొట్టిన చెట్టు మీద ఉన్నదాన్ని కాపాడుకోవడం వేరే సంగతి.

మేం చేసింది అదే. రోడ్డు పనిలో పడిన ఆ మొక్కని మృగశిర కార్తెలో, తొలకరి పడ్డాక, పెరట్లో సపోటాకి కట్టాం. జామకి కట్టబోతే అమ్మమ్మ వద్దంది. జామ బెరడు పొరలు పొరలుగా ఊడిపోతుంది, దానితోపాటు వేరూ ఊడుతుంది. ముందు నేను అతితెలివిగా కొబ్బరిపీచు దట్టంగా చుట్టాను. ఆ వానలకి పీచు ఆరనే లేదు, రెండు వేళ్లు నల్లబడి మెత్తబడ్డాయి. పీచు తీసేసి పాత నూలు చీర పీలికతో మాత్రం బిగించాక కొత్త వేరు మొదలైంది. పచ్చటి కొన ముందు గాల్లోకి వచ్చి, నాలుగు రోజులు ఎటు పోవాలో తేల్చుకోనట్టు ఆగి, తర్వాత బెరడుకి ఆనుకుంది. పూత మూడో ఎండాకాలానికి గానీ రాలేదు, అదీ ఒకే కాడ, ఆరు పూలు.

ఇప్పుడు పీలిక శిథిలమై ముడి ఒక్కటే మిగిలింది. దాని మీదుగా నాలుగు వేళ్లు కిందికి పాకిపోయాయి. వెలామిన్ గురించీ, హాస్టోరియా గురించీ నేను చెప్పిందంతా అమ్మమ్మ ఓపిగ్గా విని, “అయితే బదనిక్కి నీళ్లు పోశావా లేదా?” అని అడిగింది.